జిప్పు లేని పడక

"నిద్రలోనే పోయిందమ్మా" అని పెద్ద సిస్టర్ వాళ్ళ తమ్ముడి భార్య ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. ఇంట్లో, నలుగురి మధ్య, మంచం మీద ఆవిడ నిద్రపోయిందా అని ఆశ్చర్యం వేసింది.

"రాత్రి అన్నం తిని పడుకుంది. పొద్దున్న కాఫీ కలిపి లేపబోతే లేవలేదు" అని ఆమె ఇంకా చెబుతోంది. చెప్పి చెప్పి, అడగొచ్చో లేదో అన్నట్టు అడిగింది. "ఢిల్లీ నుంచి తెచ్చుకున్న మూట ఒకటుందమ్మా. విప్పితే ఒక బరకం, దోమతెర, గుండీలు కుట్టిన బొంత, నీలం చాప, ఓ తెడ్డు. ఎవరికివ్వాలో తెలీడం లేదు. అక్కడ ఏటి మీద ఒక్కతే పడుకునేదంట. నిజమేనా?"

"నిజమే" అన్నాను.

"భయం లేదా?"

"ఉందండి. అందుకే వెళ్ళేది" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఫోన్‌లో చెప్పేది కాదు గనక నేనూ ఊరుకున్నాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. హాస్పిటల్లో అందరికీ పెద్ద సిస్టర్. నాకు అక్క. నరసాపురం అవతల, గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో వాళ్ళ ఊరు. నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి ముప్ఫై ఏళ్ళు ఇక్కడే ఉండిపోయింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీలు కుదరలేదమ్మా" అనేది, బస్సు తప్పిపోయింది అన్నంత మామూలుగా.

నేను పాలకొల్లు నుంచి వచ్చి అదే హాస్పిటల్లో చేరినప్పుడు, చర్చిలో ఎవరో చెప్పగా, జనక్‌పురిలో తను అద్దెకున్న గదిలో రెండో మంచం నాకిచ్చింది. పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. నడుస్తుంటే చేతులు గాలిని వెనక్కి తోస్తున్నట్టు ఊగేవి. వాళ్ళ నాన్న లంకల్లోకి మనుషుల్ని దాటించే పడవ నడిపేవాడట. పదేళ్ళ వయసుకే అక్క చిన్న దోనె ఒక్కతే వేసుకుని లంకలోకి వెళ్ళి గడ్డి కోసుకొచ్చేదట. ఆ భుజాలు అప్పటివి.

నేను చేరిన రెండో వారం సంగతి. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకున్నాను. మధ్యాహ్నం ముక్కు కింద ఏదో చల్లగా తగిలి మెలకువ వచ్చింది. కళ్ళు తెరిస్తే అక్క నా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. అరచేతి వెనకవైపు నా ముక్కు కింద పెట్టింది. కిటికీకి కట్టిన ఎర్ర దుప్పటిలోంచి వెలుతురు పడి గదంతా ఎర్రగా ఉంది. ఆవిడ నన్ను చూడటం లేదు. గోడ గడియారం చూస్తోంది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. పద్నాలుగున్నాయి. పడుకో."

నిమిషానికి పద్నాలుగు ఊపిర్లు. మేం రోజూ పేషెంట్లకు రాసే లెక్కే. కానీ నేను పేషెంటును కాను. భయపడి అటు తిరిగి పడుకున్నాను. మర్నాడు కూడా అంతే. పక్కన ఎవరైనా నిద్రపోతుంటే ఆవిడకు నిద్ర పట్టదు. ఊపిరి వినబడకపోతే లేచి వస్తుంది. వినబడితే, అది ఆగుతుందేమోనని కాచుకుని కూర్చుంటుంది. డ్యూటీ రూములో సిస్టర్లు ఆవిడున్నప్పుడు పడుకోవడానికి ఇష్టపడేవాళ్ళు కాదని తర్వాత తెలిసింది.

కొన్నాళ్ళకు నేనొక అలవాటు చేసుకున్నాను. ఆవిడ లేచి వస్తున్న చప్పుడు వినగానే, మెలకువగా ఉన్నా కళ్ళు మూసుకుని, ఊపిరి బారుగా, సమంగా తీసేదాన్ని. ఆ చెయ్యి ఒక నిమిషం ఉండి వెళ్ళిపోయేది.

రెండు సెలవులు కలిసొస్తే మాత్రం ఆవిడ గదిలో ఉండేది కాదు. తిరిగొచ్చేసరికి ముఖం తేటపడి, కళ్ళ కింద ఉబ్బు దిగి, పదేళ్ళు తగ్గినట్టుండేది.

"ఎక్కడికెళ్తావక్కా?"

"గంగ మీదికి. పడుకోడానికి."

ఆనంద్ విహార్ నుంచి గంగ ఒడ్డున ఉన్న గఢ్ అనే ఊరి వైపు బస్సెక్కితే రెండు మూడు గంటల దారి. అక్కడ ఏటి ఒడ్డున పుచ్చపాదులు వేసుకునే ఒక ముసలాయన పాకలో ఆవిడ దోనె ఉండేది. మూసేసిన బోటింగ్ క్లబ్బు వాళ్ళెవరో అమ్ముకుంటే కొన్న ఫైబర్ దోనె, పచ్చ రంగుది, ఒక్కరు తెడ్డేసుకుని పోయేది. దానిలో సరుకు పెట్టుకుని, ప్రవాహం వెంట దిగి, మనుషుల్లేని ఇసుక మేట చూసుకుని దాని మీద పడక వేసేది. మర్నాడో ఆ మర్నాడో ఒడ్డు వెంట ఎదురు తెడ్డేసుకుంటూ వెనక్కి వచ్చేది.

ఆ పడక కుదుర్చుకోడానికి ఆవిడ పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. నేనొచ్చేసరికి మొదటి ఏడాది గడిచింది. రెండో ఏడాది నా కళ్ళముందే గడిచింది.

ఏది కొన్నా ముందు డాబా మీద పరీక్ష. మా మేడ మీద ఉండే పంజాబీ ఆంటీ ఒకరోజు ఒడియాలు ఎండబెట్టడానికి వెళ్ళి, అట్నుంచే పరుగున కిందకి దిగి మా తలుపు కొట్టింది. "మీ దీదీ పైన సంచీలో ఉంది. పిలిస్తే పలకట్లేదు" అంది. వెళ్ళి చూశాను. ఎర్రటి ఎండలో అక్క స్లీపింగ్ బ్యాగులో మెడదాకా దూరి, చమటలు కారుతూ, కళ్ళు తెరుచుకుని ఆకాశం చూస్తోంది. ఒక చెయ్యి లోపల జిప్పును పట్టుకుని ఉంది.

"వెచ్చగా ఉందా అక్కా?" అన్నాను, ఏమనాలో తెలీక.

"లోపలినుంచి తియ్యడానికి ఎంతసేపు పడుతుందో చూస్తున్నానే" అంది.

ఆ బ్యాగును సరోజినీ నగర్‌లో దుస్తులు సరిచేసే టైలర్ దగ్గరికి పట్టుకెళ్ళాం. "జిప్పు మొత్తం తీసేసి గుండీలు కుట్టు భయ్యా" అంది. అతను మంచి కంపెనీ జిప్పని, గుండీల మధ్యలోంచి చలి దూరుతుందని చెప్పి చూశాడు. "దూరనీ" అంది. గుండీలు పెద్దవిగా ఉండాలంది, కోటు గుండీల్లాంటివి, చీకట్లో మొద్దుబారిన వేళ్ళతో కూడా ఊడేవి. పాదాల దగ్గర మాత్రం కుట్టు ఉంచమంది. మిగతాది పరిస్తే బొంత, గుండీలు పెడితే సంచి. జనవరి చలికి అది చాలదని పైన మామూలు దూది రజాయి ఒకటి కప్పుకునేది. దోనె మోస్తుంది గనక బరువు బెంగ లేదు, తడవకుండా ఉంటే చాలు. రెండింటినీ నోరు మడతపెట్టే రబ్బరు సంచిలో పెట్టి, దోనె మధ్యలో తాడుతో కట్టేది.

చాప సంగతి చెబితే నవ్వొస్తుంది, తర్వాత రాదు. గాలి ఊదుకునే పరుపు కొందామని నేనే చెప్పాను. మడిస్తే చెంబంత, ఊదితే మెత్తగా ఉంటుంది. కొనుక్కొచ్చి డాబా మీద ఊదింది. పడుకుంది. పొద్దున్నే మూత తీసి గాలి వదిలింది. అది బుస్సుమంటూ మెల్లమెల్లగా చప్పబడింది. అక్క దాన్ని చూస్తూ నిలబడిపోయింది. ఆఖరి గాలి పోయేదాకా కదల్లేదు. అప్పుడు నాకేసి తిరిగి, "నోటితో ఊపిరి పొయ్యాలి, పొద్దున్నే మళ్ళీ నేనే తీసెయ్యాలి. ఇది నావల్ల కాదే" అంది. ఆ సాయంత్రమే మార్చి, వ్యాయామానికి వాడే మందం నీలం ఫోమ్ చాప తెచ్చుకుంది. గట్టిగా ఉండేది, చలి మాత్రం కిందనుంచి ఎక్కనిచ్చేది కాదు.

గుడారం కూడా అంతే. ఒక్కరు పట్టే గుడారం కొంది. పడుకుంటే గుడ్డ ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. తెల్లారేసరికి మన ఊపిరే నీరై లోపలి గుడ్డకు పట్టి బొట్లు బొట్లుగా ముఖం మీద పడుతుంది. దానికీ జిప్పే. ఒక్కసారి వాడి మూలన పెట్టింది. అయితే ఇద్దరు పట్టేది తీసుకోమన్నాను. తల అడ్డంగా ఊపింది.

"రెండో మనిషి చోటు ఖాళీగా ఉంటది. ఖాళీ పక్క చూస్తూ నేను పడుకోలేను."

చివరికి ఆవిడకు కుదిరింది బరకమే. ఊళ్ళో ధాన్యం రాశుల మీద కప్పే టార్పాలిన్ లాంటిదే, కాస్త పల్చనిది. ఇసుక మేట మీద చెట్లుండవు గనక అటొక తెడ్డు, ఇటొక వెదురు కర్ర నిలబెట్టి, మధ్య తాడు కట్టి బరకం పరిచేది. మేకులు ఇసుకలో నిలవవు. చిన్న సంచుల్లో ఇసుక నింపి, తాళ్ళు కట్టి, మోచేతి లోతున పాతేది. గాలి వచ్చే వైపు అంచు కిందకి, రెండో వైపు ఎత్తుగా. రెండు కొసలూ ఎప్పుడూ తెరిచే. లోపల దోమతెర వేలాడేది, దాన్ని కూడా చాప కింద దోపడమే. "ఎటువైపు నుంచైనా బయటికి రావొచ్చు, ఎటువైపు నుంచైనా లోపలికి చూడొచ్చు" అనేది.

"ఎవరు చూస్తారక్కా, మేట మీద?"

తాడు చుట్ట మడిచి సంచిలో పెట్టింది.

డిసెంబరులో ఒకసారి నన్ను తీసుకెళ్ళింది. నేనే పట్టుబట్టాను. ఒక్కతే వెళ్ళడం ఆవిడకు అవసరమని తెలుసు. కానీ ఆ నెల ఆవిడ రెండుసార్లు వార్డులో నిలబడే కునికింది, ఒకసారి మందు తప్పు అందించబోయింది. నాకు భయం వేసింది. "వస్తే నేను చెప్పిన చోట పడుకోవాలి" అంది. సరేనన్నాను.

ఆ ఒక్క దోనెలోనే సర్దుకుని కూర్చున్నాం, ముందు నేను, వెనక ఆవిడ. మధ్యాహ్నానికి నీళ్ళ మీద పొగమంచు విడిచి ఎండ తెల్లగా కాసింది. ఒడ్లు దూరంగా, చదునుగా, రంగు లేకుండా ఉన్నాయి. ఎక్కడా మనిషి అలికిడి లేదు. మూడు గంటలకు మంచి మేట ఒకటి కనబడింది. ఎత్తుగా, పొడిగా, పైన పొట్టి గడ్డి. పై బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలినా ఎక్కనంత ఎత్తు. నేను దిగి సామాను దించబోయాను.

"ఆగు" అంది అక్క. దోనె కట్టి, తెడ్డు పట్టుకుని మేట మీద ఇటునుంచి అటు నడిచింది. మధ్యలో ఆగింది. నేనూ వెళ్ళాను. ఇసుక అక్కడక్కడా దిగిపోయి ఉంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. వాటిలో గడ్డి చుట్టుపక్కలకంటే పచ్చగా, దట్టంగా ఉంది.

"పుచ్చపాదుల కాలవలేమో అక్కా. ఇక్కడ అలాగే తవ్వుతారట కదా."

"పాదులు వరసలో ఉంటాయే. ఇవి ఎలాపడితే అలా ఉన్నాయి చూడు. తొందర్లో వేసిన మంచాల్లాగ." వంగి ఒకదాని అంచు చేత్తో తడిమింది. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది. "ఇక్కడ జాగా లేదు. పద."

అంతే అంది. వార్డులో పడకలు నిండాక కొత్త పేషెంటుకు చెప్పే గొంతుతో అంది. మర్నాడు తిరిగొచ్చాక పాక దగ్గర ముసలాయన్ని అడిగాను. ఆ కరోనా వేసవిలో దహనానికి కట్టెలు దొరక్క జనం శవాల్ని అక్కడికి తెచ్చి పూడ్చారని, అప్పటినుంచి ఆ మేట మీద తమవాళ్ళెవరూ పాదులు పెట్టరని చెప్పాడు. పడవ మాత్రం ఆపుతారా అని అడిగితే, "ఆపం. మీ దీదీ కూడా అక్కడ పడక వెయ్యదు. ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

ఇంకో గంట తెడ్డేశాక కిందుగా ఒక చిన్న మేట దొరికింది. గడ్డి లేదు, గుంటలు లేవు. అక్క తన పడక వేసుకుని, మూలన పడేసిన ఆ ఒంటరి గుడారం నాకిచ్చి, మేట రెండో కొసకు నడిపించింది. రెండు వందల అడుగులు నాచేత వేయించింది.

"ఇంత దూరమా?"

"నీ ఊపిరి వినబడకూడదు."

చీకటి పడకముందే అటుకులు తిని పడుకున్నాం. నాకు ఎప్పటికో పట్టింది. మెలకువ వచ్చేసరికి గుడారం గుడ్డ బూడిదరంగు వెలుతురులో ఉంది. తెల్లారుతోంది. ఏం వినబడి లేచానో మొదట తెలీలేదు. తర్వాత మళ్ళీ వినబడింది.

ఎవరో ఊపిరి తీశారు.

చాలా దగ్గర్లో. గట్టిగా, నోటితో, నీళ్ళలో మునిగి లేచిన మనిషి తీసినట్టు. ఒక్కసారి. ఆ తర్వాత ఏమీ లేదు. అక్క వచ్చి నా గుడారం పక్కన కూర్చుందనుకున్నాను. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని ఊపిరి సమంగా తీయడం మొదలెట్టాను. చెయ్యి రాలేదు. నిమిషం గడిచింది. మళ్ళీ అదే ఊపిరి, ఈసారి ఎడమవైపు నుంచి.

జిప్పు కోసం తడిమాను. గుడ్డ చివర ఇరుక్కుని రాలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ డాబా మీద ఎండలో ఏం చూసుకుందో. లాగి లాగి ఎలాగో తెరిచి పాక్కుంటూ బయటికి వచ్చాను. పొగమంచులో నాలుగడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. ఇసుక మీద అడుగుల కోసం చూశాను. నిన్నటి మా అడుగులు తప్ప ఇంకేవీ లేవు. ఆ అడుగుల వెంటే అక్క దగ్గరికి పరుగెత్తాను.

ఆవిడ బరకం కింద పక్కకు తిరిగి, గుండీలన్నీ ఊడదీసుకుని, నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. ఏడాదిన్నరలో ఆవిడ నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి. లేపలేక అక్కడే కూలబడ్డాను. ఏట్లోంచి ఆ ఊపిరి మళ్ళీ వచ్చింది. అక్క కళ్ళు తెరవకుండానే అంది.

"సూస్."

"ఎవరు?"

"ఎవరూ కాదే. నీళ్ళలో ఉంటది. డాల్ఫిన్. ఇక్కడివాళ్ళు దాన్ని సూస్ అంటారు. అది ఊపిరి తీసే చప్పుడే దాని పేరు."

లేచి కూర్చుంది. ఇద్దరం మంచులోకి చూస్తూ కూర్చున్నాం. దాని వీపు ఒక్కసారి కూడా కనబడలేదు. ఊపిరి మాత్రం వచ్చి పోతోంది, ఒకసారి అటు, ఒకసారి ఇటు.

"తెల్లవార్లూ ఇలాగే తీస్తది. తను మునుగుతది, తనే లేస్తది. నేను లేచి చూడక్కర్లేదు" అంది అక్క. నేనేమీ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

ఆ వేసవిలో ఆవిడ వార్డులో రోజుకు ఎందరు పోయారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. చెప్పింది ఒక్క మనిషి గురించే. నలభై ఏళ్ళవాడు, ఫరీదాబాద్ నుంచి వచ్చాడు. ఇంటివాళ్ళను లోపలికి రానివ్వని రోజులు. ఈసీజీ గీత తిన్నగా వచ్చింది. పోయాడని డాక్టరు రాసేశారు. అక్క, ఒక అటెండరూ కలిసి అతన్ని సంచిలో పెట్టారు. కళ్ళద్దాలకు ఆవిరి పట్టి సరిగా కనబడటం లేదు. జిప్పు పాదాల దగ్గర్నుంచి ఛాతీ దాకా లాగింది. అప్పుడు ముఖం మీది ప్లాస్టిక్ కదిలింది.

"లోపలికి కదిలిందే. పైకి కాదు. లోపలికి. ఒక్కసారి."

ఏసీ గాలి దీదీ, అన్నాడట అటెండరు. అదే సమయంలో రెండు పడకల అవతల ఇంకొకరికి ఆక్సిజన్ పడిపోతోందని ఆవిణ్ణి పిలుస్తున్నారు.

"భుజం మీద తట్టి ఉండాల్సింది. ఒక్కసారి తట్టడానికి ఎంతసేపు పడుతుంది? తట్టలేదు. జిప్పు లాగేసి అటు పరుగెత్తాను. ఆ రెండో ఆమె బతికింది" అంది అక్క.

"గీత తిన్నగా వచ్చాక ఏముంటుందక్కా? అది గాలే. నీకు తెలీదా?"

"తెలుసు. నీకంటే పాతికేళ్ళు ముందు చదివాను. తెలిసినా నిద్ర రాదు."

పేరూ చిరునామా రాసి ఆ సంచికి అంటించింది ఆవిడే. ఇంటి నంబరుతో సహా గుర్తుంది. నాలుగేళ్ళుగా అక్కడికి వెళ్ళాలనుకుని వెళ్ళలేదు. ఇసుక దులుపుకుని లేస్తూ, "వెళ్ళి చెప్పేస్తే?" అని నన్నే అడిగింది. చెప్పేయమన్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నిజం చెబితే ఎవరికైనా తేలికపడుతుందని గట్టిగా నమ్మేదాన్ని.

మార్చిలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, మెట్రోలో ఫరీదాబాద్ వెళ్ళాం. అక్క ఉతికిన తెల్ల చీర కట్టుకుంది. దారంతా పెదవులు కదుపుతూ ఏదో చెప్పుకుంటోంది. ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి వంగితే, హిందీలో ఆమెకు చెప్పబోయే మాటలు వల్లె వేసుకుంటోంది.

మూడో అంతస్తు. ఆయన భార్యే తలుపు తీసింది. మా వయసులకు మధ్య వయసు మనిషి. హాస్పిటల్ పేరు చెప్పగానే ముఖం పాలిపోయింది. లోపల కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అక్క గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టింది.

ఆమె మధ్యలోనే అడిగింది. "ఆఖరున ఆయన దగ్గర మీరున్నారా?"

"ఉన్నాను."

"అయితే మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎవర్నడగాలో తెలీక నాలుగేళ్ళుగా లోపలే పెట్టుకున్నాను" అంది ఆమె. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఆయనకు నిద్రలో ఊపిరి ఆగిపోయేది. చాలాసేపు. పెళ్ళైన కొత్తలో పోయాడేమోనని కేకలు పెట్టేదాన్ని. భుజం మీద తడితే ఒక్కసారి పెద్దగా తీసేవాడు. పదమూడేళ్ళు రోజూ తట్టాను. అక్కడ ఆయన పక్కన నేను లేను. సంచిలో తెచ్చారు, విప్పనివ్వలేదు. ఊరికే ఊపిరి ఆగిందేమో, ఎవరూ తట్టలేదేమో అని... అర్థమైందా దీదీ? రాత్రుళ్ళు ఇప్పటికీ తలుపు గడియ వెయ్యను." అక్క చెయ్యి పట్టుకుంది. "మీరు తట్టారా?"

నేను నేల చూశాను. నిద్రలో ఊపిరి ఆగడం వేరు, ఇది వేరు అని చదువుకున్నదంతా నా నోటిదాకా వచ్చింది. ఆ గదిలో ఆ మాటలకు చోటు లేదు. బయట ఎవరో కూరలమ్ముతూ అరుస్తున్నారు. అక్క గ్లాసు కింద పెట్టింది.

"తట్టాను" అంది అక్క. "రెండుసార్లు తట్టాను. పేరు పెట్టి పిలిచాను. లేవలేదు."

ఆమె అక్క ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి వదిలేసి, "తట్టినా లేవలేదంటే నిజంగానే వెళ్ళిపోయారన్నమాట" అంది. ఎవరికో చెబుతున్నట్టు ఇంకోసారి అంది. ఆపైన కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక లేచి మాకు రొట్టెలు చేసింది. వద్దంటే వినలేదు. అక్క పెట్టినవన్నీ తింది. వెళ్తుంటే ఆమె మా ఇద్దరి నంబర్లూ రాసుకుంది.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక అక్క నడక ఆపి, నా వైపు చూడకుండా అంది.

"ఎప్పుడైనా ఆవిడ నిన్ను అడిగితే, తట్టాననే చెప్పు."

"చెప్తానక్కా."

ఆ నెలాఖరుకే రాజీనామా ఇచ్చి ఊరెళ్ళిపోయింది. పడక సామాను మూటకట్టుకుని, దోనె మాత్రం ముసలాయనకు ఇచ్చేసింది. స్టేషన్‌లో రైలెక్కించి వచ్చాను. అటు తర్వాత ఫోన్‌లో ఆరోగ్యం, వానలు, ఎవరి పెళ్ళిళ్ళు అని తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

అక్క పోయిన పది రోజులకు ఫరీదాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన తద్దినమట, దీదీని ఒకసారి పిలుద్దామనుకుంటే ఆ నంబరు పనిచేయడం లేదట. సంగతి చెప్పాను. ఫోన్ పెట్టేసిందేమో అనుకునేంతలో, మెల్లగా అడిగింది.

"దీదీ నా కోసం అలా చెప్పలేదు కదా? నిజంగా తట్టారు కదా?"

"తట్టారండి" అన్నాను. అవతల ఆమె ఇంకా కాచుకుని ఉంది. ఆ మాట చాల్లేదని తెలుస్తోంది. "నేను పక్కనే ఉన్నాను. చూశాను."

ఆ కరోనా వేసవిలో నేను పాలకొల్లులో, మా ఇంట్లో, నర్సింగ్ రెండో సంవత్సరం పాఠాలు ఫోన్‌లో వింటున్నాను.